దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగే కుక్క: డెంగీ వైరస్ మన ఒంట్లో అలారం ఎలా ఆపేస్తుంది

క్లుప్తంగా: వైరస్ ఒంట్లోకి రాగానే యాంటీబాడీలు తయారైపోవు, కొత్త వైరస్ అయితే వాటికి వారం దాకా పడుతుంది. ఆలోపు కాపలా కాసేది పుట్టుకతో వచ్చే రక్షణ వ్యవస్థ, అందులో పెద్ద అలారం పేరు ఇంటర్ఫెరాన్. మనిషిని ఇబ్బంది పెట్టే వైరస్‌లు దాదాపు అన్నీ ముందు ఈ అలారం సంగతే చూస్తాయి. దాక్కుంటాయి, తీగలు కోస్తాయి, మోగినా పక్కవాళ్ళకి వినపడకుండా చేస్తాయి. వాటికి కావాల్సింది రెండు మూడు రోజుల టైమ్, అంతే. అలారం అసలు మోగకపోతే ఒక ప్రమాదం, ఆలస్యంగా మోగితే ఇంకో ప్రమాదం. ఇదంతా డెంగీని ముందు పెట్టుకుని చూస్తే బాగా అర్థమవుతుంది.

రిపోర్టులో కనిపించే ఆ ఎన్ఎస్1 ఏంటి

వానాకాలం మొదలైందంటే మన దగ్గర ల్యాబుల్లో బాగా నడిచే టెస్టుల్లో డెంగీ ఎన్ఎస్1 ఒకటి. రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో అందరూ వెతికేది రెండే, ఎన్ఎస్1 పాజిటివా కాదా, ప్లేట్‌లెట్లు ఎన్ని. ప్లేట్‌లెట్ల మీద ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, బొప్పాయి ఆకు రసం దగ్గర్నుంచి మేకపాల దాకా చుట్టాలు తలా ఒకటి చెప్తారు. ఆ ఎన్ఎస్1 అంటే ఏంటో మాత్రం ఎవరూ అడగరు. నిజానికి కథ మొత్తం ఆ పేరులోనే ఉంది.

ఎన్ఎస్ అంటే నాన్ స్ట్రక్చరల్, అంటే వైరస్ తన ఒళ్ళు కట్టుకోవడానికి వాడని ప్రోటీన్ అని. డెంగీ వైరస్ జన్యు సమాచారం అంతా కలిపి ఒకే ఒక్క ఆర్ఎన్ఏ పోగు, పొడవు సుమారు 10,700 అక్షరాలు. అందులో 10 ప్రోటీన్లకి సరిపడా సమాచారం ఉంటుంది. మనిషిలో ప్రోటీన్లు చేసే జన్యువులు 20 వేల దాకా ఉంటాయి, అంటే 20 వేల మంది ఉన్న కోట మీదకి పది మంది వచ్చినట్టు. ఆ పదిలో కూడా వైరస్ కణాన్ని కట్టే ప్రోటీన్లు మూడే. మిగతా ఏడూ దోమ కుట్టాక మన కణం లోపల తయారై, అక్కడే పని చేసే పనిముట్లు. కొన్ని వైరస్‌ని కాపీలు తీస్తాయి, అదే చేత్తో మన రక్షణ వ్యవస్థని కూడా చెడగొడతాయి. పది మందే ఉన్నప్పుడు ఒక్కొక్కళ్ళు రెండు మూడు డ్యూటీలు చేయక తప్పదు కదా.

అందులో ఎన్ఎస్1 కాస్త ప్రత్యేకం, ఇది కణం దాటి రక్తంలోకి కూడా వచ్చేస్తుంది. మొదటి రోజుల్లోనే టెస్టులో దొరుకుతుంది అంటే కారణం అదే. రక్తంలో తిరిగేటప్పుడు అది ఊరికే తిరగదు. మన రక్తంలో కాంప్లిమెంట్ అని ఒక ప్రోటీన్ల గుంపు ఉంటుంది, కొత్త క్రిములకి అంటుకుని వాటికి చిల్లులు పెట్టడం దాని పని. ఎన్ఎస్1 ఆ గుంపులో కొన్నింటిని పట్టుకుని ఆ గొలుసు ముందుకి పోకుండా చేస్తుంది. అంటే రిపోర్టులో పాజిటివ్ అని కనిపించేది వైరస్ ఒళ్ళు కాదు, వైరస్ వాడుతున్న పనిముట్టు.

అసలు అలారం ఎలా మోగుతుంది

1957లో లండన్ మిల్‌హిల్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పిండం చుట్టూ ఉండే పొర ముక్కల మీద ప్రయోగం చేశారు. వేడి చేసి చంపేసిన ఫ్లూ వైరస్‌ని ఆ ముక్కలకి తగిలించారు, తర్వాత ఆ ద్రవాన్ని తీసి కొత్త ముక్కలకి పెడితే వాటిలో బతికున్న వైరస్ పెరగడం మానేసింది. ఒక కణం చూసిన ప్రమాదం, దాన్ని అసలు చూడని కణానికి ఎలాగో తెలిసిపోతోంది. వైరస్ పనికి అడ్డం పడుతోంది కాబట్టి, ఇంగ్లీషులో అడ్డుపడటం అనే మాట నుంచే, దానికి ఇంటర్ఫెరాన్ అని పేరు పెట్టారు. ఊళ్ళో దండోరా వేయించినట్టు అన్నమాట, మా ఇంట్లో దొంగ పడ్డాడు మీరు తలుపులేసుకోండి అని.

ఆ మొదటి ఇంటికి దొంగ పడ్డాడని ఎలా తెలుస్తుంది అనేది తేలడానికి మాత్రం ఇంకో 40 ఏళ్ళు పైనే పట్టింది. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో టోల్ అనే జన్యువు ఫంగస్ నుంచి కాపాడుతోందని చూపించింది, 1998లో బ్రూస్ బాయిట్లర్ ఎలుకల్లో అలాంటిదే పట్టుకున్నాడు, ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది. అవి ఎక్కువగా కణం బయట, లోపలి సంచుల్లో కాపలా కాసేవి. కణం లోపలి ద్రవంలో వైరస్ ఆర్ఎన్ఏని పట్టే రిగ్-ఐ అనే ప్రోటీన్ సంగతి 2004లో జపాన్ వాళ్ళు బయటపెట్టారు.

ఈ రిగ్-ఐ చేసే పని వింటే ఊరి చెక్‌పోస్టు గుర్తొస్తుంది. మన కణం తయారు చేసే ప్రతి ప్రోటీన్ చీటీ మొదట్లో, అంటే మెసెంజర్ ఆర్ఎన్ఏ కొసకి, ఒక టోపీ లాంటి గుర్తు ఉంటుంది. చాలా వైరస్‌ల ఆర్ఎన్ఏకి మొదట్లో ఆ టోపీ ఉండదు, దాని బదులు మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపిస్తుంటాయి. పైగా వైరస్ కాపీ తీసుకునేటప్పుడు రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారవుతుంది, అలా పొడవాటి రెండు పోగులది మన కణంలో మామూలుగా కనపడదు. రిగ్-ఐ, దాని అన్నదమ్ముడి లాంటి ఎండీఏ5, ఈ రెండూ అలాంటి తేడాలు చూసి మైటోకాండ్రియా పైపొర మీద ఉండే మావ్స్ అనే ప్రోటీన్‌కి కబురు పంపుతాయి, అక్కడి నుంచి సిగ్నల్ న్యూక్లియస్‌కి పోయి ఇంటర్ఫెరాన్ తయారై బయటికి పోతుంది.

బయటికి పోయిన ఇంటర్ఫెరాన్ పక్క కణం తలుపు మీద ఉన్న రిసెప్టర్‌కి తగులుకుంటుంది. లోపల స్టాట్1, స్టాట్2 అనే ఇద్దరు జంటగా న్యూక్లియస్‌లోకి పరిగెత్తి కొన్ని వందల జన్యువుల్ని ఆన్ చేస్తారు. వాటిలో ఒకటి ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది, ఒకటి కనపడిన ఆర్ఎన్ఏనల్లా ముక్కలు చేస్తుంది, ఇంకొకటి వైరస్ లోపలికి దూరే చోట పొరని బిగించేస్తుంది. ఇదంతా గంటల్లో అయిపోతుంది. జ్వరం, ఒళ్ళు నొప్పులు, నీరసం అని మనం తిట్టుకునేవాటిలో చాలా భాగం వైరస్ కొట్టిన దెబ్బ కాదు, ఈ దండోరా చప్పుడే. హెపటైటిస్ సి రోగులకి ఒకప్పుడు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కొత్తగా ఏ వైరస్ రాకపోయినా అచ్చం ఫ్లూ వచ్చినట్టే ఒళ్ళు పట్టేసేది.

డెంగీ ఎక్కడెక్కడ చెయ్యి పెడుతుంది

దోమ కుట్టిన చోట డెంగీ ముందు పట్టుకునే కణాల్లో చర్మంలోని డెండ్రిటిక్ కణాలు ఉంటాయి. వీటి అసలు డ్యూటీ కాపలా, క్రిమి కనపడితే పట్టుకుని లింఫ్ గ్రంథులకి మోసుకెళ్ళి చూపించాలి. డెంగీ వాటిలోనే దిగి వాటినే బండిగా వాడుకుని గ్రంథుల దాకా వెళ్తుంది. వాచ్‌మన్ గదిలోనే మకాం పెట్టినట్టు.

లోపలికి వెళ్ళాక మొదటి ఎత్తు దాక్కోవడం. కణంలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని మడతలు మడతలుగా ఒక పొర ఉంటుంది, డెంగీ ఆ పొరని లోపలికి నొక్కి చిన్న చిన్న గుహల్లాగా చేసుకుని కాపీలు తీసే పని అంతా ఆ గుహల్లో పెట్టుకుంటుంది. రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారైనా అది బయట తిరిగే రిగ్-ఐ కంట పడదు. పైగా ఎన్ఎస్3, ఎన్ఎస్5 కలిసి వైరస్ ఆర్ఎన్ఏకి మన టోపీనే తొడుగుతాయి. మన వాళ్ళ టోపీ పెట్టుకుని మన ఇంట్లో తిరుగుతున్నవాణ్ణి ఎవరు పట్టుకుంటారు, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అని ఊరికే అనలేదు.

ఎంత దాక్కున్నా కొంత ఆర్ఎన్ఏ బయటపడుతుంది. అందుకే రెండో ఎత్తు, తీగలు కోయడం. రిగ్-ఐ కబురు మోసుకుని మైటోకాండ్రియా దాకా వెళ్ళాలంటే దానికి ఒక తోడు ప్రోటీన్ కావాలి, డెంగీ ఎన్ఎస్3 ఆ తోడుని మధ్యలోనే పట్టుకుని ఆపేస్తుంది. చెక్‌పోస్టులో కానిస్టేబుల్ దొంగని చూశాడు, స్టేషన్‌కి వెళ్ళడానికి బండి మాత్రం లేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. డెంగీ ఆర్ఎన్ఏ వైరస్, దానికీ డీఎన్ఏకీ సంబంధం లేదు. అయినా అది స్టింగ్ అనే ప్రోటీన్‌ని కత్తిరిస్తుందని 2012లో రెండు బృందాలు చూపించాయి. స్టింగ్ అనేది డీఎన్ఏ అలారం లైన్లో ఉండే ప్రోటీన్, హెర్పిస్ లాంటి డీఎన్ఏ వైరస్‌ల కోసం పెట్టుకున్నది. మరి డెంగీకి దాంతో పనేంటి? తర్వాత తేలిందేంటంటే, డెంగీ దెబ్బకి మైటోకాండ్రియా పాడై దాని సొంత డీఎన్ఏ బయటికి కారుతుంది, ఆ డీఎన్ఏని సీగ్యాస్ అనే సెన్సర్ పట్టుకుని స్టింగ్‌కి చెప్తుంది. అంటే దొంగ దొరక్కపోయినా వాడు పగలగొట్టిన కిటికీ అద్దం చప్పుడు విని కూడా అలారం మోగే ఏర్పాటు మన కణంలో ఉంది. డెంగీ ఆ ఏర్పాటుని కూడా వదల్లేదు, ఎన్ఎస్2బీ సీగ్యాస్‌ని చెత్తబుట్టలోకి పంపిస్తుంది, ఎన్ఎస్2బీ-3 జంట స్టింగ్‌ని రెండు ముక్కలు చేస్తుంది. మూల కారణాన్నే కాదు, పక్క సాక్ష్యాన్ని కూడా తుడిచేసే పని ఇది. మొత్తం కథలో డెంగీ పనితనం బాగా కనపడేది ఇక్కడే అనాలి.

ఇంత చేసినా ఎక్కడో ఒక కణం దండోరా వేసేస్తుంది. అప్పుడు మూడో ఎత్తు, చెవిలో దూది. ఇంటర్ఫెరాన్ కబురుని న్యూక్లియస్‌కి మోసే జంటలో స్టాట్2ని ఎన్ఎస్5 పట్టుకుని, మన కణంలోనే ఉండే యూబీఆర్4 అనే ప్రోటీన్ సాయంతో నాశనం చేయిస్తుంది. చంపేది వైరస్ కాదు, మన చెత్త ఎత్తే వ్యవస్థే. వైరస్ చేసేది చీటీ అతికించడం మాత్రమే. ఎన్ఎస్4బీ వచ్చి స్టాట్1 పని చేయకుండా ఇంకో అడ్డం వేస్తుంది. బయట ఎంత దండోరా వేసినా ఆ ఇంట్లోవాళ్ళకి వినపడదు.

ఎలుకకి డెంగీ ఎందుకు పట్టదు

డెంగీ మందులు, టీకాలు ఇంత ఆలస్యం కావడానికి ఒక కారణం ఏంటంటే మామూలు ల్యాబ్ ఎలుకలకి డెంగీ సరిగా పట్టదు. దానికి జవాబు కూడా పైన చెప్పిన చోటే ఉంది. మనిషి స్టింగ్‌ని కోసే డెంగీ కత్తెర ఎలుక స్టింగ్‌ని కోయలేదు, ఆ ప్రోటీన్‌లో కత్తెర పడే చోట అక్షరాలు వేరు. మనిషి స్టాట్2ని పట్టుకునే ఎన్ఎస్5 ఎలుక స్టాట్2ని పట్టుకోలేదు. డెంగీ దగ్గర బంధువు జీకాది కూడా ఇదే కథ. అందుకే పరిశోధకులు ఏజీ129 అని ఇంటర్ఫెరాన్ రిసెప్టర్లే లేకుండా చేసిన ఎలుకల్ని వాడాల్సి వస్తోంది.

దీన్ని తిరగేసి చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఒక వైరస్ ఏ జంతువులో బతకగలదు అనేది అది కణం తలుపు తీయగలదా లేదా అన్న దాని మీదే ఆధారపడదు, లోపలికి వెళ్ళాక ఆ జంతువు అలారం తీగల కొలతకి దాని కత్తెర సరిపోవాలి. జంతువుల వైరస్‌లు మనుషుల్లోకి దూకడం అంత తరచుగా ఎందుకు జరగదు అన్నదానికి ఇది ఒక కారణం. దూకినప్పుడు మాత్రం కత్తెర ఆల్రెడీ సరిపోయిందనే అర్థం.

ప్యూర్టోరికో 1994

ఇదంతా ల్యాబ్ మాటలు, ఊళ్ళో జబ్బు పెరగడానికీ దీనికీ సంబంధం ఏంటి అని అడగొచ్చు. దానికి మంచి ఉదాహరణ కరేబియన్ దీవి ప్యూర్టోరికో. 1994లో అక్కడ డెంగీ బాగా విరుచుకుపడింది. అప్పటిదాకా తిరుగుతున్న డెంగీ-2 రకం వైరస్‌ని పక్కకి నెట్టి దాని కొత్త శాఖ ఒకటి పైకి వచ్చింది. ఏం మారింది అని చూస్తే ప్రోటీన్లలో పెద్ద విశేషం దొరకలేదు, 2015లో బయటికి వచ్చిన పరిశోధనలో తేడా వైరస్ ఆర్ఎన్ఏ తోకలో బయటపడింది.

డెంగీ ఆర్ఎన్ఏ చివర్లో ప్రోటీన్‌గా మారని ఒక ముక్క ఉంటుంది. మన కణంలో ఆర్ఎన్ఏని నమిలేసే ఎంజైమ్ ఒకటి వైరస్ ఆర్ఎన్ఏని మొదటి నుంచి నమలడం మొదలుపెట్టి ఈ తోక దగ్గరికి వచ్చేసరికి ముడి తగిలి ఆగిపోతుంది, మిగిలిపోయిన ఆ తోక ముక్కనే ఎస్ఎఫ్ఆర్ఎన్ఏ అంటారు. అంటే మనం చంపగా మిగిలిన ఎముక ముక్క లాంటిది. వైరస్ దాన్ని కూడా వృథా పోనివ్వదు, ఆ ముక్కలు వెళ్ళి ట్రిమ్25 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటాయి. రిగ్-ఐని తట్టి లేపాల్సింది ఈ ట్రిమ్25. అది ముక్కలతో నిండిపోతే రిగ్-ఐ నిద్ర లేవదు. ప్యూర్టోరికో కొత్త శాఖ ఈ ముక్కల్ని పాతదానికంటే ఎక్కువ తయారు చేస్తోంది, ట్రిమ్25కి కూడా గట్టిగా అంటుకుంటోంది, ఇంటర్ఫెరాన్ ఆ మేరకు తగ్గింది. తోకలో కొద్ది అక్షరాల తేడా, ఒక దీవిలో ఏ రకం నిలబడాలో తేల్చడంలో దాని చెయ్యి ఉందన్నమాట.

మిగతా వైరస్‌లు ఇదే పని ఎలా చేస్తాయి

అన్నిటి లక్ష్యం ఒకటే అయినా ఒక్కోదానికి ఒక్కో చేతివాటం. ఫ్లూ వైరస్ సొంతంగా టోపీ కుట్టుకోదు, మన ఆర్ఎన్ఏల టోపీలని మొదటి 10 నుంచి 13 అక్షరాలతో సహా కోసి తనకి పెట్టుకుంటుంది. కాపీలు తీసే పని కూడా న్యూక్లియస్ లోపల పెట్టుకుంటుంది, రిగ్-ఐ ఎక్కువగా తిరిగేది బయట. ఫ్లూలో కూడా ఎన్ఎస్1 అని ఒకటుంది, పేరు ఒకటే కానీ డెంగీ ఎన్ఎస్1కీ దీనికీ చుట్టరికం లేదు, దీన్ని చూసి దాన్ని అనుకోకూడదు. ఫ్లూ ఎన్ఎస్1 రెండు పోగుల ఆర్ఎన్ఏని కప్పేస్తుంది, ట్రిమ్25ని ఆపుతుంది. 1998లో ఈ ఒక్క జన్యువు తీసేసి వైరస్ తయారు చేస్తే అది ఇంటర్ఫెరాన్ వ్యవస్థ పనిచేయని కణాల్లో మాత్రమే చక్కగా పెరిగింది. ఆ ప్రోటీన్ అసలు ఉద్యోగం ఏంటో అంతకంటే స్పష్టంగా చెప్పక్కర్లేదు.

హెపటైటిస్ సిది మొండి పద్ధతి. దాని ప్రోటీన్ కోసే ఎంజైమ్ నేరుగా మావ్స్‌నే మైటోకాండ్రియా మీద నుంచి కోసి పారేస్తుంది, స్టేషన్‌నే లేపేసినట్టు. ఈ వైరస్ చాలామందిలో ఏళ్ళ తరబడి తిష్ట వేయడానికి ఇది ఒక కారణం అని భావిస్తారు. కరోనా ఇంకో దారి, దాని ఎన్ఎస్‌పీ1 ప్రోటీన్లు తయారు చేసే మన రైబోజోమ్‌లో చీటీ దూరే సందులో చెయ్యి అడ్డం పెట్టేస్తుంది కాబట్టి ఇంటర్ఫెరాన్ జన్యువు ఆన్ అయినా ప్రోటీన్ సరిగా తయారవదు. దాని ఇంకో ప్రోటీన్ ఓఆర్ఎఫ్6 న్యూక్లియస్ గేటు దగ్గర నిలబడి స్టాట్‌లని లోపలికి పోనివ్వదు. 2020 చివర్లో బ్రిటన్‌లో బయటపడిన ఆల్ఫా వేరియంట్ గురించి అందరూ స్పైక్ మార్పులే మాట్లాడారు గానీ, ఈ ఓఆర్ఎఫ్6, ఓఆర్ఎఫ్9బీ లాంటి అలారం ఆపే ప్రోటీన్లని కూడా అది ఎక్కువ తయారు చేసిందని తర్వాత తేలింది.

2018లో కేరళ కోజికోడ్ ప్రాంతంలో 17 మందిని బలి తీసుకున్న నిపా వైరస్ ఒకే జన్యువు నుంచి నాలుగు ప్రోటీన్లు తీస్తుంది, అందులో వీ అనేది స్టాట్‌లని న్యూక్లియస్ బయట కట్టిపడేస్తే డబ్ల్యూ అనేది లోపల కట్టేస్తుంది. ఇదే వైరస్ పండ్ల గబ్బిలాల్లో మాత్రం పెద్దగా జబ్బు చేయకుండా ఉంటుంది. గబ్బిలాల్లో స్టింగ్ కాస్త మందగించి ఉంటుందని, కొన్ని జాతుల్లో మాత్రం ఆల్ఫా అనే రకం ఇంటర్ఫెరాన్ జబ్బు లేనప్పుడు కూడా సన్నగా మోగుతూనే ఉంటుందని పరిశోధనల్లో కనిపించింది. వైరస్‌ని గబ్బిలాలు పూర్తిగా తరిమేయవు, ఇల్లు తగలబెట్టుకోవు కూడా, ఒక రకం రాజీ.

మశూచి కుటుంబం వైరస్‌లది ఇంకా తెలివి. వాటికి జాగా ఎక్కువ, 200 దాకా జన్యువులు పెట్టుకోగలవు. అందుకని అవి ఇంటర్ఫెరాన్ రిసెప్టర్‌కి నకిలీ తయారు చేసి బయటికి వదులుతాయి, దండోరా అంతా ఆ నకిలీ చెవుల్లోకే పోతుంది. చిన్న వైరస్‌లు ఉన్న పది మందితోనే సర్దుకుంటే, పెద్ద వైరస్‌లు ఇదే పనికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుంటాయి అనుకోవచ్చు.

అలారం లేటుగా మోగితే

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని సామెత. వైరస్ విషయంలో అలా లేటుగా మొరగడం పనికిరాకపోవడమే కాదు, హాని కూడా. 2003 నాటి సార్స్ వైరస్‌తో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఇంటర్ఫెరాన్ ముందే ఇస్తే ఎలుకలు బతికాయి, వైరస్ బాగా పెరిగిపోయాక వచ్చిన ఇంటర్ఫెరాన్ మాత్రం ఊపిరితిత్తుల్లోకి మంట కణాలని గుంపులుగా రప్పించి ఇంకా పాడు చేసింది.

మనుషుల్లో దీనికి గట్టి సాక్ష్యం 2020లో దొరికింది. ప్రాణాల మీదకి వచ్చిన 987 మంది కోవిడ్ రోగుల్ని చూస్తే 101 మంది రక్తంలో వాళ్ళ సొంత ఇంటర్ఫెరాన్‌ని పనిచేయనివ్వని యాంటీబాడీలు ఉన్నాయి, అంటే పదిలో ఒకరికి. ఆ 101 మందిలో ఎక్కువ మంది మగవాళ్ళు. లక్షణాలు లేనివాళ్ళు, జబ్బు తేలిగ్గా వచ్చి తగ్గినవాళ్ళు కలిపి 663 మందిలో ఒక్కరికి కూడా అవి దొరకలేదు. బయటికి గట్టిగా ఆరోగ్యంగా కనిపించే మనిషి అకస్మాత్తుగా వెంటిలేటర్ దాకా ఎందుకు వెళ్ళాడు అన్న ప్రశ్నకి కొంతమంది విషయంలో జవాబు ఇదీ, వైరస్ కోయాల్సిన తీగ అప్పటికే తెగి ఉంది.

డెంగీలో కూడా టైమింగ్ విచిత్రంగానే ఉంటుంది. జ్వరం ఉన్నన్ని రోజులు ఇంట్లో భయం, తగ్గగానే హమ్మయ్య అనుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేది సాధారణంగా జబ్బు మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం తగ్గే వేళకి, అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అప్పటికి రక్తంలో వైరస్ తగ్గుతూ ఉంటుంది, రక్తనాళాల నుంచి ప్లాస్మా కారడం మాత్రం అప్పుడే మొదలవుతుంది. మొదట్లో మూగబోయిన రక్షణ వ్యవస్థ తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడటం దీనికి ఒక కారణం, రక్తంలో తిరిగే ఎన్ఎస్1 నాళాల లోపలి పొరని దెబ్బ తీయడం ఇంకో కారణం. రెండోసారి వేరే రకం డెంగీ వస్తే ఎక్కువ ప్రమాదం అనేది చాలామందికి తెలిసిందే. పాత యాంటీబాడీ కొత్త వైరస్‌ని చంపలేక చెయ్యి పట్టుకుని కణం లోపలికి తీసుకెళ్తుంది. ఆ దారిలో వచ్చినప్పుడు ఇంటర్ఫెరాన్ కూడా తగ్గుతున్నట్టు ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది, అంటే దొంగకి తలుపు తీయడమే కాకుండా కుక్కకి బిస్కెట్ కూడా వేసినట్టు.

ఇదంతా చూశాక ఇమ్యూనిటీ ఎక్కువ, ఇమ్యూనిటీ తక్కువ అనే లెక్క ఎంత మొరటుదో తెలుస్తుంది. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ బూస్టర్ అని పేరు పెట్టి అమ్మని వస్తువు లేదు. కషాయం తాగితే గొంతుకి హాయిగా ఉండొచ్చు, కానీ స్టాట్2ని చెత్తబుట్టలో వేసే ఎన్ఎస్5ని అది ఏమీ చేయలేదు. ఇక్కడ ఆట బలం మీద నడవదు, ఎవరు ముందు అనే దాని మీద నడుస్తుంది.

మందుగా ఇంటర్ఫెరాన్, టీకాగా తోక తెగిన డెంగీ

అలారం మోగకపోతే మనమే బయటి నుంచి మోగిద్దాం అన్న ఆలోచన పాతదే. హెపటైటిస్ బి, సి రోగులకి ఏళ్ళ పాటు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లే వాడారు. 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తర్వాత ఇంటర్ఫెరాన్ కూడా తయారు చేసింది. హెపటైటిస్ సిలో కొన్ని రకాలకి 48 వారాలు ఇవ్వాల్సి వచ్చేది, జ్వరం, డిప్రెషన్ తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారు. 2011 నుంచి వైరస్ ఎంజైమ్‌ని నేరుగా ఆపే మాత్రలు వచ్చాక ఈ జబ్బులో ఇంటర్ఫెరాన్ పని మెల్లగా అయిపోయింది. తమాషా ఏంటంటే ఆ మాత్రల్లో కొన్ని ఆపేది సరిగ్గా మావ్స్‌ని కోసే ఆ కత్తెరనే.

కోవిడ్‌లో టైమింగ్ తేడా నిలువునా కనిపించింది. డబ్ల్యూహెచ్ఓ సాలిడారిటీ ట్రయల్‌లో ఆస్పత్రిలో చేరినవాళ్ళకి ఇంటర్ఫెరాన్ బీటా ఇస్తే మరణాలు తగ్గలేదు. 2023లో వచ్చిన టుగెదర్ ట్రయల్‌లో లక్షణాలు మొదలైన వారంలోపు ఇంటర్ఫెరాన్ లాంబ్డా ఒక్క ఇంజెక్షన్ ఇస్తే ఆస్పత్రి లేదా ఎమర్జెన్సీ అవసరం పడినవాళ్ళు 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. రెండూ ఒకే మందు కాదు కాబట్టి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. అయినా ఎప్పుడు ఇచ్చారు అన్నది పెద్ద తేడా అని మాత్రం అనొచ్చు.

వైరస్ ఎత్తుల్ని మనుషులు కూడా వాడుకున్నారు. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో ఆర్ఎన్ఏలో ఒక అక్షరాన్ని కొద్దిగా మార్చి కణం కాపలా కంట పడకుండా చేశారు, ఎంఆర్ఎన్ఏ టీకాలు అలా సాధ్యమయ్యాయి, 2023 నోబెల్ దానికే. ఒక రకంగా చూస్తే మన ఆర్ఎన్ఏ వేషం వేసుకునే వైరస్ విద్యే ఇది.

దీనికి ఎదురు దారిలో పోయింది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ తయారు చేసిన డెంగీ టీకా. బతికున్న వైరస్‌నే బలహీనం చేయడానికి వాళ్ళు డెంగీ ఆర్ఎన్ఏ తోకలో 30 అక్షరాలు కోసేశారు. అప్పట్లో చూసింది వైరస్ నెమ్మదిగా పెరుగుతుందా లేదా అనే. ప్యూర్టోరికో కథలో వచ్చిన ఎస్ఎఫ్ఆర్ఎన్ఏ ముక్క తయారయ్యేది కూడా ఆ తోక నుంచే. తర్వాత చూస్తే అలా తోక కోసిన డెంగీ-4 రకం మనిషి కణాల్లో ఆ ముక్కల్ని తక్కువగా పోగేస్తోందని, ఇంటర్ఫెరాన్‌కి తొందరగా లొంగుతోందని తేలింది. ఆ ఎన్ఐహెచ్ వైరస్‌లతోనే బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ, మన దేశంలో పానేసియా బయోటెక్, హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ టీకా పని మొదలుపెట్టాయి. పానేసియా టీకాకి ఐసీఎంఆర్‌తో కలిసి మూడో దశ ట్రయల్ 2024 ఆగస్టులో రోహతక్‌లో మొదలైంది, 10,335 మందికి పైగా పెద్దవాళ్ళ మీద చేయాలన్నది అప్పటి ప్లాన్. టీకా వేయించుకున్నవాళ్ళ ఒంట్లోకి వెళ్ళేది డెంగీయే, కాకపోతే అలారం తీగ కోసే కత్తెరల్లో ఒకటి మొద్దుబారిన డెంగీ.